విజయోత్సవం రోజు డ్యూటీకి వెళ్ళేవాళ్ళ సంగతి

సంపాదకులకు నమస్కారం.

2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం దగ్గర ఆర్సీబీ క్రికెట్ జట్టు విజయోత్సవంలో జరిగిన తొక్కిసలాట గురించి పత్రికల్లో చాలా చదివాను. చనిపోయిన 11 మంది గురించి, తప్పెవరిదన్న వాదనల గురించి. ఆ జనంలో క్రికెట్ కోసం రానివాళ్ళూ ఉన్నారన్న మాట మాత్రం నాకెక్కడా కనబడలేదు. వాళ్ళలో నేనొకణ్ణి.

సెయింట్ మార్క్స్ రోడ్డు దగ్గర ఒక రక్తపరీక్షల ల్యాబులో టెక్నీషియన్ని. ఆ వారం సాయంత్రం ఐదున్నర డ్యూటీ. ఇందిరానగర్‌లో మెట్రో ఎక్కి కబ్బన్ పార్కులో దిగితే పది నిమిషాల నడక. ముందు రోజు రాత్రే ఆర్సీబీ ఐపీఎల్ 18వ సీజన్‌లో తొలిసారి కప్పు గెలిచింది. నేనూ అర్ధరాత్రి దాకా మేలుకుని చూశాను. అభిమానుల మీద అక్కసుతో రాస్తున్నానని అనుకోకండి.

పొద్దుటి నుంచి ఊరేగింపు ఉందని ఒకరు, లేదని ఒకరు. ఎందుకైనా మంచిదని గంట ముందే బయలుదేరాను. మూడు రైళ్ళు వదిలేస్తే నాలుగోదాంట్లో ఒంటికాలి మీద నిలబడే చోటు దొరికింది. ‘ఈ సల కప్ నమ్దే’ (ఈసారి కప్పు మనదే) అని పెట్టెంతా ఒకటే కేక. ఆ ఒత్తిడికి క్యారియర్ మూత ఊడి టమాటా చారు నా చొక్కా మీదికి ఒలికింది. పక్కనున్న ఎర్ర జెర్సీ కుర్రాడు చూసి, ‘‘పరవాలేదంకుల్, ఇవాళ అందరిదీ ఎరుపే’’ అన్నాడు. నాకూ నవ్వొచ్చింది.

కబ్బన్ పార్కులో రైలు ఆగలేదు. విధాన సౌధలోనూ ఆగలేదు. అంత రద్దీలో ఆపకపోవడమే సబబు, కానీ ఆ సంగతి రైలెక్కాక తెలిస్తే ఏం లాభం? సెంట్రల్ కాలేజీలో దిగి, నృపతుంగ రోడ్డు, హడ్సన్ సర్కిల్ మీదుగా వెనక్కి నడిచాను. నా పక్కనే ఒక అంబులెన్సు మోగుతూ నిలబడిపోయింది. ఎవరి కోసం వెళ్తోందో అప్పుడు తెలియదు.

ల్యాబు చేరేసరికి ఏడు. పగటి డ్యూటీ ఆవిడకు ఇంట్లో చంటిపిల్ల ఉంది. నేను వచ్చేదాకా ఆవిడ కదలడానికి లేదు. నన్నేమీ అనలేదు. తాళాల గుత్తి నా చేతిలో పెట్టి చెప్పులేసుకుంది, అంతే.

35 వేల మంది పట్టే స్టేడియానికి రెండు మూడు లక్షల మంది వచ్చారని ముఖ్యమంత్రే చెప్పారు. మెట్రో ఆ రోజు 9.66 లక్షల మందిని మోసింది. అందులో జెండా పట్టుకున్నవారెందరో, క్యారియర్ పట్టుకున్నవారెందరో!

హైదరాబాద్‌లో గణేశ్ నిమజ్జనానికీ లక్షల మంది వస్తారు. బాలాపూర్ నుంచి హుస్సేన్‌సాగర్ దాకా శోభాయాత్ర ఏ దారిన వెళ్తుందో, వాహనాలు ఎటు మళ్ళాలో ముందే పేపర్లో వస్తుంది. సెలవూ ఇస్తారు. అక్కడా ఇబ్బందులున్నాయి, కాదనను. ముందే తెలిసిన ఇబ్బందికి మనిషి తన ఏర్పాటు తాను చేసుకుంటాడు. 2016లో ఒలింపిక్ రజతంతో వచ్చిన సింధును శంషాబాద్ నుంచి గచ్చిబౌలి దాకా పైకప్పు లేని బస్సులో తీసుకెళ్ళారు. బస్సు దాటిపోగానే, చూసినవాళ్ళు ఇంటిదారి పడతారు. స్టేడియం మూసిన గేటు ముందు చేరినవాళ్ళు ఎటు పోతారు?

పండగ తేదీ పంచాంగంలో ఉంటుంది, గెలుపు ఎవరికి తెలుసు అంటారేమో. ఫైనల్ తేదీ తెలుసు కదా. గెలిచాక నాలుగు రోజులాగితే కప్పేమీ పారిపోదు. 18 ఏళ్ళు ఆగినవాళ్ళు ఆదివారం దాకా ఆగలేరా?

రేపు విశాఖలోనో హైదరాబాద్‌లోనో ఇలాంటి సంబరం జరిగితే, ఏ రోడ్డు ఎప్పుడు మూస్తారో, ఏ స్టేషన్‌లో రైలు ఆగదో అధికారులు ముందురోజే చెప్పాలి, మీరు మొదటి పేజీలో వేయాలి. డ్యూటీ వేళలు మేమూ మేమూ మార్చుకుంటాం. చారు మాత్రం తీసుకెళ్ళను.

ఇట్లు,
మీ పాఠకుడు,
ఇందిరానగర్, బెంగళూరు