గుడ్డు పెడితే సరిపోతుందా?

అయ్యా,

పిల్లల వైకల్య నిర్ధారణ శిబిరం విజయవంతమైందని పోయిన వారం జిల్లా పేజీలో ఫొటోతో సహా వేశారు. ఆ ఫొటోలో వెనక వరుసలో ఉన్నది మేమే. పెద్దల శాలువాలు అడ్డొచ్చి కనబడలేదంతే.

మావాడికి పన్నెండేళ్లు. లెక్కలు నోటితో టకటకా చెప్పేస్తాడు. చొక్కా గుండీలకు మాత్రం పావుగంట పడుతుంది, బూట్ల లేసు ఇప్పటికీ వాళ్లమ్మే కట్టాలి. రెండు లైన్లు రాసేసరికి వేళ్లు నొప్పంటాడు. బళ్లో బద్ధకస్తుడని పేరు పెట్టేశారు. శిబిరంలో డాక్టరు గారు చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసి, 'ఎముకలు బాగానే ఉన్నాయి, రోజూ గుడ్డు పెట్టండి' అన్నారు. గుండీలు పెట్టుకోవడం, రాయడం లాంటి రోజువారీ పనులు చేసుకునేలా తర్ఫీదిచ్చే ఆక్యుపేషనల్ థెరపిస్టు ఎక్కడండీ అంటే, కండరాలకూ కీళ్లకూ కసరత్తు చేయించే ఫిజియోథెరపిస్టును చూపించారు. రెండూ ఒకటేనట!

అప్పు చేసి హైదరాబాద్ తీసుకెళ్లాం. అక్కడి థెరపిస్టు నట్లు బోల్టులతో త్రికోణం బిగించమంది, రెండు గీతల మధ్య పెన్ను నడపమంది, ఒంటిచేత్తో బంతి పట్టమంది, మడమకు వేళ్లు ఆనిస్తూ వెనక్కి నడవమంది. నట్టు మూడుసార్లు కిందపడింది. ఇంట్లో అయితే నేనే లాక్కుని బిగించేసేవాణ్ణి. ఆమె నన్ను కుర్చీలోంచి లేవనివ్వలేదు. వాచీ చూసుకుంటూ ఒక్కొక్కటీ రాసుకుంది. పెన్ను పట్టే తీరు, బల్ల ఎత్తు కూడా అడిగింది. డిస్‌ప్రాక్సియా అని తేల్చింది. అంటే చేతులూ కాళ్లూ పొందికగా కదిలించడంలో ఇబ్బంది.

వంద మంది బడిపిల్లల్లో ఐదారుగురికి ఉండే ఇబ్బందే ఇది. 2016 వికలాంగుల హక్కుల చట్టం షెడ్యూలులో అభ్యసన వైకల్యాల కింద ఈ మాట పేరుతో సహా ఉంది. ఆ రిపోర్టు పట్టుకుని వైకల్య సర్టిఫికెట్‌కు వెళితే కౌంటర్లో ఆయన 'ఇదేం భాష?' అన్నాడు. పరీక్షల్లో వైకల్యం ఉన్నవాళ్లకు గంటకు కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలని కేంద్రం మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ చిన్న కాగితం లేకుండా ఎవరిస్తారు?

మనవాళ్లకు భవనం కట్టడం వచ్చు, శిలాఫలకం మీద పది పేర్లు చెక్కించడం వచ్చు. లోపల కుర్చీలో మనిషిని కూర్చోబెట్టడమే రాదు. అడిగితే పోస్టు ఖాళీ అంటారు. మా చిన్నప్పుడు కాంపౌండరైనా ఉండేవాడు.

వచ్చే శిబిరానికి మీ విలేకరి వెళితే శాలువాలు లెక్కపెట్టడం అయ్యాక ఒక్క మాట అడగమనండి: ఆక్యుపేషనల్ థెరపిస్టు వచ్చారా, లేదా?

– ఓ ఏడో తరగతి విద్యార్థి తండ్రి