పులిని గుర్తుపట్టే కళ్లను గూడెంలోనే వదిలేయకండి

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ అటవీ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మాది నల్లమల అంచున, దోర్నాల దగ్గర ఊరు. పులుల లెక్కింపు జరిగినప్పుడు వాలంటీరుగా కొన్ని రోజులు అడవిలో తిరిగాను. అప్పుడు చూసిందే మీకు చెప్పాలని ఈ ఉత్తరం.

బాటకి అటూ ఇటూ చెట్లకి మోకాలి ఎత్తులో రెండు ట్రాప్ కెమెరాలు (ముందు నుంచి జంతువు వెళ్తే వాటంతటవే ఫొటో తీసేవి) కట్టాం. రెండెందుకంటే, పులికి కుడి పక్క చారలు వేరు, ఎడమ పక్క చారలు వేరు. ఒకచోట కుడి పక్క, ఇంకోచోట ఎడమ పక్క మాత్రమే ఫొటోలో పడితే అవి రెండు పులులో, ఒకటేనో తేలదు. ఏ రెండు పులుల చారలూ ఒకేలా ఉండవు కాబట్టి, రెండు వైపులా దొరికితే ఇక ఆ పులిని ఎక్కడున్నా పోల్చుకోవచ్చు.

మేం మ్యాప్‌లో పెట్టుకున్న చోటు చూసి, మాతో వచ్చిన చెంచు ట్రాకర్ వద్దన్నాడు. ఇంకాస్త పైకి, వాగు దాటే చోటికి తీసుకెళ్లాడు. ఇసుకలో అడుగు చూసి ఆడపులి అన్నాడు. కెమెరాలో పడింది ఆడపులే. ఆయనకి అప్పటికి మూడు నెలల జీతం రావాలి.

పాదముద్రలతోనే లెక్కలు వేసిన రోజుల్లో రాజస్థాన్‌లోని సరిస్కాలో ఏమైందో మీకు తెలుసు. కాగితం మీద పులులున్నాయి. 2005కల్లా అడవిలో ఒక్కటీ లేదని తేలింది. ఆ దెబ్బతోనే 2006 లెక్కింపు నుంచి దేశమంతా కెమెరాలు వచ్చాయి. 2022 లెక్కింపులో 3,080 పులులు విడివిడిగా ఫొటోలకి దొరికాయి. ఎక్కడైనా చర్మం పట్టుబడితే చారలు పోల్చి అది ఏ అడవి పులో చెప్పగలిగేది ఈ ఫొటోల వల్లే. ఫొటో లేని పులిని చంపేస్తే, అది ఎక్కడిదో చారలు చూసి చెప్పలేం. నాకు అన్నిటికంటే భయం అదే.

చారలు పోల్చే సాఫ్ట్‌వేర్, బాగా పోలిక ఉన్న ఫొటోలను ముందు పెడుతుంది. ఇదే అని చివరికి తేల్చేది మనిషి కన్నే. అలాంటి కళ్లు చెంచు గూడేల్లో ఎన్నో ఉన్నాయి. చదువుకున్న చెంచు పిల్లలకి ఆ కంప్యూటర్ పని నేర్పించండి. ట్రాకర్ల జీతం నెలనెలా ఒక తేదీకి పడేలా చూడండి. కృష్ణకి అవతల, తెలంగాణలోని అమ్రాబాద్ టైగర్ రిజర్వు వాళ్లతో కూర్చుని ఏటా ఫొటోలు కలిపి చూసుకుంటే ఇంకా మంచిది. 2014కి ముందు అదంతా ఒకటే టైగర్ రిజర్వు కదా.

నెల తర్వాత ఆ ట్రాకర్ సంతలో కనిపించి, "అది మన వాగు పులేనా సారూ?" అని అడిగాడు. కెమెరాల మెమరీ కార్డులన్నీ అప్పటికే ఆఫీసుకి వెళ్లిపోయాయి. చూపించడానికి నా దగ్గర ఫొటో లేదు. దయచేసి ఆ ఫొటో ఒకటి ఆయన గూడేనికి పంపించండి.

ఇట్లు,
దోర్నాల దగ్గరి ఒక వాలంటీరు