ఐరన్ షాట్ నేర్పాలంటే గడ్డి కావాలి

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ స్పోర్ట్స్ పేజీలో గోల్ఫ్ గురించి ఎప్పుడన్నా ఓ ముక్క వచ్చినా ఎవరు గెలిచారు, ఎన్ని అండర్ పార్ (కోర్సుకి పెట్టిన లెక్క కంటే ఎన్ని షాట్లు తక్కువ) అనేదాంతోనే అయిపోతోంది. 2021 ఆగస్టులో టోక్యో ఒలింపిక్స్‌లో అదితి అశోక్ ఒక్క షాట్ తేడాతో మెడల్ పోగొట్టుకుని నాలుగో ప్లేస్‌లో ఆగిపోయిన రోజు, గోల్ఫ్ అంటే ఏంటో తెలియనివాళ్లు కూడా పొద్దున్నే లేచి టీవీ ముందు కూర్చున్నారు కదా, ఆ తర్వాత పిల్లల్ని డ్రైవింగ్ రేంజ్‌కి (గోల్ఫ్ షాట్లు ప్రాక్టీస్ చేసే చోటు) తీసుకొచ్చే అమ్మానాన్నల్ని నేను హైదరాబాద్‌లో బాగానే చూస్తున్నా. కానీ ఆట ఎలా ఆడాలో తెలుగులో చెప్పేవాళ్లు దొరకట్లేదు, ముఖ్యంగా ఐరన్ షాట్లు, అంటే లోహపు తల ఉన్న క్లబ్ (గోల్ఫ్ కర్ర)తో కొట్టేవి.

రేంజ్‌లో కాసేపు నిలబడి చూడండి, కొత్తవాళ్లలో చాలామంది బాల్‌ని పైకి లేపాలని చూస్తుంటారు. బరువంతా కుడికాలి మీదే ఉండిపోతుంది, మణికట్లు ముందే వదిలేస్తారు, దాంతో క్లబ్ బాల్ కంటే ముందే నేలకి తగులుతుంది. బాల్‌ని లేపే పని క్లబ్ ఫేస్‌కున్న వాలు చూసుకుంటుంది, మనం చేయాల్సిందల్లా బరువు ఎడమకాలి మీదకి తెచ్చి, చేతులు బాల్ కంటే కాస్త ముందుండగా, కిందకి దిగే క్లబ్‌తో ముందు బాల్‌ని, ఆ తర్వాతే గడ్డిని కొట్టడం. పీజీఏ టూర్ (అమెరికా ప్రొఫెషనల్ టోర్నీలు) ఆటగాళ్ల సెవెన్ ఐరన్ (ఏడో నంబర్ ఐరన్) సగటున సుమారు 4 డిగ్రీలు కిందకి దిగుతూ బాల్‌ని తాకుతుందని షాట్లని రాడార్‌తో కొలిచే ట్రాక్‌మ్యాన్ లెక్కలు చెప్తాయి. అందుకే వాళ్ల డివట్ (క్లబ్ తగిలి గడ్డి లేచిన గుంట) బాల్ ఉన్నచోట కాకుండా దానికి ముందు, టార్గెట్ వైపు పడుతుంది.

అసలు గొడవంతా రేంజ్‌లో గడ్డికి బదులు పరిచే రబ్బర్ మ్యాట్‌తోనే. అంగుళం వెనక కొట్టినా క్లబ్ మ్యాట్ మీద జారిపోయి బాల్‌కి తగులుతుంది, సౌండ్ బాగుంటుంది, షాట్ కూడా ఫర్వాలేదనిపిస్తుంది, కొట్టినవాళ్లకి తప్పు తెలిసే దారే ఉండదు. అదే స్వింగ్ గోల్కొండలో నయాఖిల్లా దగ్గరి కోర్సులో వాన పడ్డాక మెత్తబడ్డ ఫెయిర్‌వే (కోర్సులో కత్తిరించిన గడ్డి దారి) మీద వేస్తే క్లబ్ మట్టిలో దిగబడి బాల్ కాస్త దూరం దొర్లి ఆగిపోతుంది, ఇక ఆ పిల్లాడు నాకీ ఆట రాదు అనేసుకుంటాడు. ఇది చూస్తే నిజంగా బాధేస్తుంది సార్, పిల్లాడిలో లోపం ఏమీ లేదు.

నాకు తెలిసిన ఓ పెద్దాయన క్యాడీ (ఆటగాళ్ల బ్యాగ్ మోస్తూ సాయం చేసేవాడు) ఉన్నాడు, ఆయన ఎవరన్నా ఐరన్ కొడితే బాల్ ఎటు పోయిందో చూడడు, వంగి గడ్డి ఎక్కడ లేచిందో చూస్తాడు. నేల మీద సున్నంతో ఓ గీత గీసి, బాల్ లేకుండా స్వింగ్ చేయిస్తాడు, గడ్డి గీత దాటాకే లేవాలి, వెనక లేస్తే మళ్లీ చేయాల్సిందే. మ్యాట్ తప్ప గతిలేనివాళ్లు బాల్‌కి ఓ జానెడు వెనక తువ్వాలు మడతపెట్టి ఉంచుకుంటే చాలు, క్లబ్ దానికి తగిలితే తప్పు అక్కడికక్కడే తెలిసిపోతుంది.

ఇంకోటి, షాపుల్లో కొత్త సెవెన్ ఐరన్ దూరం ఎక్కువ పోతుందని చెప్పి అమ్ముతున్నారు. ఒకప్పుడు 34, 35 డిగ్రీలుండే లాఫ్ట్ (క్లబ్ ఫేస్ వాలు, ఐరన్ నంబర్ తగ్గేకొద్దీ ఇది తగ్గుతుంది) ఇప్పుడు చాలా సెట్లలో 28, 30కి దిగింది, అంటే పేరు సెవెన్ గానీ పాతకాలం సిక్స్, ఫైవ్ ఐరన్‌తో సమానం. నెమ్మదిగా స్వింగ్ చేసేవాళ్లు దాంతో కొడితే బాల్ ఎత్తుగా లేవక గ్రీన్ (హోల్ చుట్టూ ఉండే నున్నటి గడ్డి) మీద ఆగకుండా దొర్లిపోవచ్చు. కొనేముందు లాఫ్ట్ ఎంతో అడగండి.

కాబట్టి వారానికోసారి ఓ అరకాలమ్ అన్నా గోల్ఫ్ పాఠాలకి ఇవ్వండి, కోచ్‌లతో పాటు ఇలాంటి క్యాడీలతో కూడా చెప్పించండి, వాళ్లకి తెలిసింది చాలా ఉంది. రేంజ్‌లు నడిపేవాళ్లు కూడా ఓ చిన్న గడ్డి పట్టీ ఉంచి, వారం వారం చోటు మారుస్తూ, లేచిన గుంటల్లో ఇసుక పోయిస్తే సరిపోతుంది, పిల్లలకి వారంలో ఒక్కరోజు అక్కడ కొట్టే అవకాశం ఇచ్చినా చాలు.

ఇట్లు
మీ పాఠకుడు, మెహదీపట్నం, హైదరాబాద్