టారో పుస్తకాల అర మార్చాం: ఏవి ఉంచాం, ఏవి తీసేశాం

మా దగ్గర టారో పుస్తకాలు కొనేవారందరికీ నమస్కారం.

ఇన్నాళ్లూ టారో (బొమ్మల కార్డులతో జోస్యం చెప్పే పద్ధతి) నేర్పే పుస్తకాలనూ, టారో చరిత్ర పుస్తకాలనూ ఒకే అరలో కలిపి అమ్మాం. పొరపాటు మాదే. తిరిగి వచ్చిన ప్రతులు తీసి చూస్తే ఫిర్యాదులు రెండే రకాలు. చేతిలో ఒక డెక్ (కార్డుల కట్ట) ఉంటే పుస్తకం ఇంకో డెక్ గురించి చెబుతోంది. లేదంటే చరిత్ర అని కొంటే లోపల టారో ఈజిప్టు పూజారుల నుంచి వచ్చిందనే కథ ఉంది. అందుకే ఈ నెల నుంచి రెండు అరలు.

నేర్చుకోవాలంటే ముందు మీ దగ్గరున్న డెక్ ఏదో చూసుకోండి, పుస్తకం ఆ తర్వాత. మామూలు టారో డెక్‌లో 78 కార్డులు: 22 మేజర్, నాలుగు రంగుల్లో (కర్రలు, కప్పులు, కత్తులు, నాణేలు లేదా పెంటకల్స్) పద్నాలుగేసి చొప్పున 56 మైనర్. అసలు తేడా బొమ్మల్లో ఉంది. ఎయిట్ ఆఫ్ కప్స్ తీసుకోండి. మార్సెయ్ అనే పాత ఫ్రెంచ్ డెక్‌లో ఎనిమిది కప్పులు, వాటి మధ్య పూలతీగ, అంతే. 1909లో లండన్‌లో వెలువడిన, వెయిట్ రూపొందించిన రైడర్-వెయిట్ డెక్‌కు పమేలా కోల్‌మన్ స్మిత్ గీసిన బొమ్మలో ఎర్ర అంగీ మనిషి ఒకడు చేతికర్ర పట్టుకుని, మనకు వీపు పెట్టి, కొండలవైపు వెళ్లిపోతుంటాడు. వెనక కప్పులు కింద అయిదు, పైన మూడు. పై వరసలో ఒకటి లేనట్టు ఖాళీ. ‘ఆ ఖాళీని గమనించండి’ అని పుస్తకం చెబితే, మార్సెయ్ డెక్ పట్టుకున్నవారు ఏం గమనిస్తారు?

అట్ట మీద ఏం రాసి ఉన్నా సరే, మేజర్ కార్డుల్లో 8, 11 నంబర్ల పేజీలు తిప్పి చూడండి. 8 స్ట్రెంగ్త్, 11 జస్టిస్ అని ఉంటే అది వెయిట్ పద్ధతి. అటుదిటు, ఇటుదటు అయితే మార్సెయ్. అలిస్టర్ క్రౌలీ రూపొందించిన థోత్ డెక్‌లోనూ మార్సెయ్ వరసే, కాకపోతే 8 పేరు అడ్జస్ట్‌మెంట్, 11 పేరు లస్ట్. థోత్‌లో రాజు కార్డు ఉండదు, ఆ స్థానంలో నైట్ ఉంటాడు. వెయిట్ పుస్తకం పక్కన పెట్టుకుని థోత్ కార్డులు చదివేవారు తడబడేది ఎక్కువగా ఇక్కడే.

కొత్తవారికి మేము ముందుగా ఇచ్చేది రేచల్ పొలాక్ రాసిన ‘సెవెంటీ ఎయిట్ డిగ్రీస్ ఆఫ్ విజ్డమ్’. 1980లో ఒక భాగం, 1983లో రెండోది వచ్చాయి, ఇప్పుడు రెండూ ఒకే సంపుటం. ఇది వెయిట్ డెక్‌కు రాసిన పుస్తకం. కలం పట్టుకుని రాస్తూ నేర్చుకోవాలంటే మేరీ గ్రీర్ రాసిన ‘టారో ఫర్ యువర్ సెల్ఫ్’. డెక్‌తో పాటు వచ్చే చిన్న బుక్‌లెట్ సరిపోతుందా అని చాలామంది అడుగుతారు. సరిపోదు. అందులో కార్డుకు ఒకటి రెండు లైన్లే, ఆ అర్థం ఎక్కడి నుంచి వచ్చిందో ఉండదు.

వెయిట్ స్వయంగా రాసిన ‘పిక్టోరియల్ కీ టు ది టారో’ చౌక ముద్రణలు అరలోంచి తీసేశాం. వెయిట్ 1942లో చనిపోయాడు, మన చట్టం ప్రకారం 60 ఏళ్ల గడువు ఎప్పుడో తీరింది కనుక ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు. చిక్కు బొమ్మలతోనే. నైన్ ఆఫ్ పెంటకల్స్‌లో ఆ అమ్మాయి చేతి మీద డేగకు ముసుగు ఉంటుంది, కింద మూలన నేల మీద ఒక నత్త ఉంటుంది. మసక ప్రతుల్లో డేగ నల్లటి మచ్చ, నత్త అసలు కనబడదు. ఏ పుస్తకమైనా కొనేముందు ఆ పేజీ తిప్పి నత్త కోసం వెతకండి.

పుస్తకం కొన్నాక రోజుకు ఒక కార్డు చాలు. ముందు అయిదు నిమిషాలు బొమ్మనే చూసి, కనిపించింది నోటుబుక్కులో రాసి, అప్పుడు పుస్తకం తెరవండి. 78 కార్డులకు పదకొండు వారాలు పైచిలుకు పడుతుంది. పుస్తకం ముందు తెరిస్తే అర్థాలు బట్టీ పడతాయి గానీ బొమ్మ చదవడం రాదు.

ఇక చరిత్ర. టారో పుట్టింది 1440ల ప్రాంతంలో, ఉత్తర ఇటలీలో, పేకాటగా. ఆ 22 మేజర్ కార్డుల్లో ఫూల్ తప్ప మిగతా 21 మనం పేకాటలో అనే తురుపు ముక్కలే. ఈజిప్టు కథ 1781లో ఫ్రాన్స్‌లో కూర్ ద జెబ్లాఁ అనే రచయిత రాతలతో మొదలైంది. అప్పటికి ఈజిప్టు లిపిని చదవగలిగినవారే లేరు, ఫ్రెంచ్ పండితుడు షాంపోల్యోఁ దాన్ని విప్పింది 1822లో. 1781 నాటి ఆ మాటనే నిజమని చెప్పే పుస్తకాన్ని చరిత్ర అరలో పెట్టం. మామూలు పేక రంగులు మాత్రం ఈజిప్టును ఏలిన మమ్లూకుల కార్డుల నుంచి 14వ శతాబ్దంలో యూరప్ చేరాయి. వాళ్ల పోలో కర్రలే యూరప్‌లో మామూలు కర్రలయ్యాయి. ప్రాచీన ఈజిప్టు రాజులైన ఫరోలకూ దానికీ సంబంధం లేదు. మన నిర్మల్ గంజిఫా నుంచి వచ్చిందా అనీ అడుగుతుంటారు. గుండ్రటి గంజిఫా ముక్కలది వేరే ఆట, అందులో టారో తురుపులు లేవు.

ఇంకో పరీక్ష ఉంది. మిలాన్ పాలకుల విస్కోంటి-స్ఫోర్జా డెక్‌లో ఇప్పుడు మిగిలినవి 74 కార్డులే. డెవిల్, టవర్, త్రీ ఆఫ్ స్వోర్డ్స్, నైట్ ఆఫ్ కాయిన్స్ దొరకలేదు. ఆ డెక్‌లోని డెవిల్ అని బొమ్మ వేసి, అది ఈ కాలంలో గీసిందని చెప్పని పుస్తకాన్ని నమ్మకండి.

చరిత్ర అరలో ముందుగా హెలెన్ ఫార్లీ పుస్తకం (2009) పెట్టాం. డెక్కర్, దెపోలిస్, డమ్మెట్ కలిసి రాసిన ‘ఎ వికెడ్ ప్యాక్ ఆఫ్ కార్డ్స్’ (1996) జోస్యపు టారో పుట్టుకను విడమరచి చెబుతుంది, కానీ నిదానంగా చదవాలి. డమ్మెట్ 1980 నాటి ‘ది గేమ్ ఆఫ్ టారో’లో ఎక్కువ భాగం ఆట నియమాలే. జోస్యం కోసమైతే అది కొనకండి.

డెక్‌కు సరిపోని పుస్తకం ఇంతకుముందు మా దగ్గర కొన్నవారు ఈ నెలాఖరులోగా తెచ్చి మార్చుకోవచ్చు. పేజీల్లో రాతలు ఉన్నా తీసుకుంటాం. వచ్చేటప్పుడు మీ డెక్‌లోని 8వ నంబరు మేజర్ కార్డు ఒక్కటి తెచ్చుకోండి.