చిలికాలో ఈత నేర్పిన అన్నకు కృతజ్ఞతలు

1980లో ఒడిశాలో మొదలైన నేవీ శిక్షణ కేంద్రం ఐఎన్ఎస్ చిలికాలో ట్రైనింగ్ అయిన నేవీవాళ్లకు స్విమ్మింగ్ పూల్ అంటే ఎంత టెన్షనో తెలుసు. మాది అనంతపురం వైపు పల్లె. బావుల్లోనే నీళ్లుండవు, ఇక ఈత ఎక్కడ నేర్చుకుంటాం?

ఈత రానివాళ్ల వరుసలో వణుకుతున్న నన్ను సీనియర్ బ్యాచ్ ఒడియా అన్న ఒకాయన గమనించారు. నడుం కింద అరచెయ్యి ఆనించి, "తల వెనక్కి వాల్చు, చెవులు మునగనీ, బిగుసుకుపోకు" అన్నారు, సగం హిందీ, సగం సైగలతో. చెయ్యి ఎప్పుడు తీసేశారో తెలీలేదు, నేను మాత్రం తేలుతూనే ఉన్నా! పైనుంచి దూకేటప్పుడు కాళ్లు దగ్గరపెట్టి, చూపు కిందికి కాకుండా ఎదురుగా నిలపమన్నదీ ఆయనే.

టెస్ట్ పాసై వెతికితే వాళ్ల బ్యాచ్ అప్పటికే వెళ్లిపోయింది. అన్నా, మీరే షిప్‌లో చేశారో, ఇప్పుడెక్కడున్నారో గానీ, మీకు నా నమస్కారాలు. మా మనవడికీ అలాగే నేర్పిస్తున్నా. వాడు మాత్రం బిగుసుకుపోతూనే ఉన్నాడు.