కరీంనగర్ అన్నా, మీ దుప్పటి మా దగ్గరే ఉంది

అందరికీ వందనాలు.

మొన్న ఆదివారం ఆరాధనలో సాక్ష్యం చెప్పమని పాస్టరు గారు మైకు ఇస్తే, లేచి "దేవుడు మా పాపను కాపాడాడు" అని ఒక్క ముక్క అని ఏడుస్తూ కూర్చున్నాను. అందులో అబద్ధం లేదు. కానీ ఇంటికొచ్చాక మనసు కుదుట పడలేదు. దేవుడు ఎవరెవరి చేతులతో కాపాడాడో చెప్పనే లేదు కదా. ఆ చేతుల్లో కొన్ని మా సంఘం వాళ్లవి, వాళ్లకు ఎదురుగా చెప్పుకోవచ్చు. మిగతావాళ్లు ఎవరో, ఎక్కడుంటారో కూడా తెలీదు. అందుకే ఇది రాస్తున్నా. పేర్లు రాయడం లేదు. కొందరు వద్దన్నారు, కొందరివి అడగాలన్న సోయి కూడా ఆ రాత్రి నాకు లేదు.

అసలు మేం అనుకున్నది అండమాన్. మా సంఘంలో నాలుగు కుటుంబాలం రెండేళ్లుగా అదే పాట. హైదరాబాద్ పోయి విమానం ఎక్కాలి, పోర్ట్ బ్లెయిర్‌లో దిగాలి (ఇప్పుడు దాని పేరు శ్రీ విజయపురం), అక్కణ్నుంచి మళ్లీ హావ్‌లాక్‌కి ఓడ. శని ఆదివారాల్లో తెమిలే పనేనా? చివరికి పాస్టరమ్మ గారే తేల్చేశారు: "దీవి కావాల్నంటే మన లక్నవరంల లేవా? హన్మకొండల టిఫిన్ చేసి బయల్దేరితే పగటి భోజనానికి ముందే అక్కడుంటం."

అట్లా దసరా సెలవుల్లో, బతుకమ్మ రోజుల్లో, చిన్నా పెద్దా పదిహేడు మందిమి మూడు బండ్లలో బయల్దేరాం. ఏడాది ఎనిమిది నెలల పిల్లను అడవిలోకి ఎందుకు అని మా చిన్నత్త ఫోన్లోనే సణిగింది. పగారా అన్నం, కోడికూర, సర్వపిండి, పాపకు విడిగా పప్పుచారు, రెండు సంచుల నిండా డైపర్లు. అన్నీ పెట్టుకున్నాను, థర్మామీటరు తప్ప.

లక్నవరం చూడనివాళ్ల కోసం ఒక మాట. గుట్టల మధ్య సందుకు కట్ట వేసి కాకతీయులు నిలిపిన చెరువు అది. నీళ్లు నిండాక మునగని గుట్టల తలలే ఇప్పుడు దీవులు. ఒడ్డు నుంచి దీవికి వేలాడే వంతెన, దాదాపు 160 మీటర్లు. దాని మీద కారు పోదు, ఆటో పోదు, నడవాల్సిందే. పొద్దున అదంతా మాకు సరదాగానే ఉంది. వంతెన ఊగినప్పుడల్లా మా బుజ్జిది "మల్లీ, మల్లీ" అని అరిచింది. వాళ్ల నాన్న దాన్ని ఎత్తుకుని మూడుసార్లు అటూ ఇటూ తిరిగాడు. మధ్యాహ్నం పడవ ఎక్కాం. సాయంత్రం నీళ్ల అంచున కూర్చోబెడితే గులకరాళ్లు ఏరి ఒక్కొక్కటే యవనస్థుల జేబుల్లో వేసింది.

ఆరు దాటాక ఒళ్లు వెచ్చబడింది. పగలంతా ఎండలో ఉంది కదా, అదే అనుకున్నా. సిరప్ సీసా ఉన్న సంచి కారులోనే ఉండిపోయింది. పడుకుని లేస్తే తగ్గుతుందిలే అనుకున్నా. ఈ "అనుకున్నా"లు గుర్తొస్తే ఇప్పటికీ నా చేతులు చల్లబడతాయి.

రాత్రి ఎనిమిదిన్నరకు అందరం బయట కూర్చుని పాటలు పాడుకుంటున్నాం. నా ఒళ్లో నిద్రపోతున్న పాప ఒక్కసారిగా కట్టెలా బిగుసుకుపోయింది. కళ్లు పైకి తేలిపోయాయి, పెదాలు నల్లబడ్డాయి, కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయి. నేను అరిచిన అరుపు అవతలి ఒడ్డుకు వినబడిందట. ఎవరో పరిగెత్తి తాళాల గుత్తి తెచ్చి పాప గుప్పిట్లో పెట్టబోయారు. ఇంకెవరో ఉల్లిగడ్డ వాసన చూపించమన్నారు. నేనేమో పళ్ల మధ్య చెంచా పెట్టబోతున్నాను. కన్నతల్లినే, ఆ క్షణంలో అందరికంటే తప్పు పని చేయబోయింది నేనే.

మా సంఘంలోనే ఉండే నర్సు అక్క నా చేతిలో చెంచా లాగి పారేసింది. పాపను చాప మీద పక్కకు తిప్పి పడుకోబెట్టింది, గౌను మెడ దగ్గర గుండీ విప్పింది. "నోట్ల ఏం వెట్టొద్దు. గట్టిగ పట్టుకోవద్దు. అందరు జరుగుర్రి, గాలి రానియ్యుర్రి" అని, చేతి గడియారం వైపు చూస్తూ ఉండిపోయింది. బిడ్డ అట్లా కొట్టుకుంటుంటే ఈమె టైము చూస్తుందేంటి అని నాకు కోపమొచ్చింది. ఎందుకు చూసిందో తర్వాత తెలిసింది: ఫిట్స్ అయిదు నిమిషాలు దాటితే ఆగుతాయిలే అని కూర్చోకూడదట, వెంటనే మందు పడాలట. అక్క లెక్కలో నిమిషం యాభై సెకన్లు. ఆ తర్వాత పాప మెత్తబడి గాఢనిద్రలోకి జారుకుంది. అక్కా, ఆ రాత్రి నీ మీద కోపం తెచ్చుకున్నందుకు ఇక్కడే క్షమాపణ అడుగుతున్నా.

ఇప్పుడు దీవి దాటాలి. అప్పటికే చిన్న జల్లు మొదలై వంతెన తడిసింది. అక్కడ పనిచేసే తమ్ముడొకడు, ఇరవై ఏళ్లు కూడా ఉండవేమో, మేం ఏమీ అడగకముందే టార్చి పట్టుకుని వచ్చాడు. ముందు రెండు చివర్లా జనాన్ని ఆపేశాడు. ఎక్కువ మంది నడిస్తే వంతెన ఊగుతుంది కదా. తర్వాత మా ఆయన ముందు తాను వెనక్కి వెనక్కి నడుస్తూ, వెలుతురు మా ఆయన పాదాల దగ్గరే పడేట్టు పట్టుకున్నాడు. "అన్నా, కింద చూడకు, నా దిక్కు చూడు" అన్న మాట తప్ప ఇంకో మాట లేదు. పొద్దున నవ్వుతూ మూడుసార్లు తిరిగిన వంతెనే అది. తమ్ముడూ, నువ్వు మొత్తం దూరం వెనక్కి నడిచావని నాకు అవతలి ఒడ్డు చేరాకగానీ తట్టలేదు.

ఒడ్డున మా బండ్ల ముందు ఏదో వ్యాను అడ్డంగా ఉంది, దాని డ్రైవరు లేడు. అప్పుడే కారు దిగి సామాను దించుకుంటున్న ఒక కుటుంబం మమ్మల్ని చూసింది. కరీంనగర్ నుంచి వచ్చారట. ఆ అన్న దించిన సామాను అక్కడే వదిలేసి "ఎక్కుండ్రి" అన్నాడు. వాళ్లావిడ తన పిల్లల కోసం తెచ్చుకున్న ఆకుపచ్చ దుప్పటి నా మీద వేసి, తాను పిల్లలతో ఆ వానలో అక్కడే నిలబడిపోయింది. నర్సు అక్క మాతో ఎక్కింది. 108కి ఫోను అప్పటికే వెళ్లింది. ఎవరు చేశారో ఈరోజుకీ తేలలేదు, నేనంటే నేనని ముగ్గురంటున్నారు!

బుస్సాపూర్‌లో రోడ్డు మీద బతుకమ్మ ఆడుతున్నారు. డీజే పెట్టె మోగుతోంది, రోడ్డు నిండా ఆడవాళ్లు, మధ్యలో తంగేడు, గునుగు పూల బతుకమ్మలు. అన్న హారన్ కూడా కొట్టలేదు, దిగి ఒక్క మాట చెప్పాడు. పాట టక్కున ఆగిపోయింది. ఆటలో పెట్టిన బతుకమ్మలను వాళ్లంతట వాళ్లే ఎత్తి పక్కన పెట్టారు. ఆట మధ్యలో బతుకమ్మను జరపడమంటే ఏమిటో ఇక్కడ పుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఒక ముసలమ్మ అద్దంలోంచి చెయ్యి పెట్టి పాప నుదురు తాకి, "పొండ్రి బిడ్డా, ఏం గాదు, పొండ్రి" అంది. ఆ ఊరి ఆడవాళ్లందరికీ నా దండాలు.

హైవే ఎక్కేచోట 108 ఎదురొచ్చింది. జ్వరం 103 ఉందని అందులోనే తేలింది. ములుగు ప్రభుత్వాసుపత్రికి చేరేసరికి పాప కళ్లు తెరిచి ఏడుపు లంకించుకుంది. ఆ ఏడుపు వింటే ప్రాణం లేచొచ్చింది.

డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ చిన్నపిల్లే. పాపను మొత్తం చూసి, రక్తంలో చక్కెర చూసి, బరువు తూచి ఆ లెక్కన జ్వరం మందు వేయించి, తర్వాత నా పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు పిల్లల్లో నూటికి ఇద్దరి నుంచి అయిదుగురికి జ్వరంతో ఇట్లా ఫిట్స్ వస్తాయట. చూడ్డానికి భయంకరంగా ఉంటాయిగానీ ఇట్లా కాసేపట్లో తగ్గేవాటితో మెదడు దెబ్బతినదట. మూడో వంతు పిల్లలకు ఇంకోసారి రావచ్చు, వస్తే ఏం చేయాలో మీ అక్క చేసిందే చేయండి అంది. నేను ఆగలేక సిరప్ సంచి సంగతి చెప్పేశాను, సాయంత్రమే వేసుంటే ఇట్లయ్యేది కాదు కదా అని. "లేదండీ. మందు వేస్తే పిల్లకు కాస్త హాయిగా ఉండేది. ఫిట్స్ మాత్రం వేసినా రావచ్చు" అంది. డాక్టరమ్మా, మీరు రాసిన మందు పాపకు. ఈ మాట నాకు.

ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని కూడా అడిగింది. మా అత్తమ్మకు ఫోన్ చేస్తే తాపీగా, "మా పిలగానికి చిన్నప్పుడు జరమొస్తే గిట్లనే అయ్యేది, రెండుసార్లు" అంది. నాలుగేళ్ల కాపురంలో ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు! మా ఆయనకే తెలీదట.

తెల్లారేదాకా ఉంచుకుని పంపించారు. ఈలోగా దీవిలో మావాళ్లెవరూ పడుకోలేదు. పాస్టరమ్మ గారు ప్రార్థనలో ఉన్నారు. యవనస్థులు మా సామాను సర్ది వానలో వంతెన మీద మోసుకొచ్చారు. తీగ మీద ఆరేసిన పాప లంగోటీలు కూడా మడతపెట్టారు, పెళ్లికాని పిల్లలు. ఆదివారం ఆరాధన చెరువు ఒడ్డునే చేసుకుని, తిరుగుదారిలో అందరూ ఆసుపత్రికొచ్చారు. పాప వాళ్లను చూడగానే జేబులు వెతికింది. గులకరాళ్లు అట్లాగే ఉన్నాయి.

ఇక కరీంనగర్ అన్న. మమ్మల్ని 108 ఎక్కించి, ఎట్లుందో ఫోన్ చేసి చెప్పమని మా ఆయనకు నంబరు ఇచ్చి వెనక్కి వెళ్లాడు. ఆ కంగారులో మా ఆయన ఒక అంకె తక్కువ రాసుకున్నాడు. తొమ్మిదంకెల నంబరు పెట్టుకుని రోజూ ఒకరిద్దరికి ఫోన్ చేసి తిట్లు తింటున్నాడు. అన్నా, పాప బాగుంది. జ్వరం మూడో రోజుకు పోయింది, ఇప్పుడు ఇల్లంతా పరిగెడుతోంది. ఆ రాత్రి నుంచీ మీరూ వదినా ఏమైందో అని ఆలోచిస్తూ ఉంటారని నాకు తెలుసు. ఇది మీ కంటబడితే, మీకు తెలిసినవాళ్ల కంటబడితే, ఒక్క కబురు పంపండి. దుప్పటి ఉతికి మడత పెట్టాను. అయితే మా బుజ్జిది దాన్ని మళ్లీ లాక్కుంది, ఇప్పుడది లేకుండా పడుకోవడం లేదు. మీరొచ్చి దాన్నే అడిగి తీసుకోవాలి.