తొలేళ్ల నాడు సర్వసభ్య సమావేశమా?

సంపాదకులు గారికి,

పైడితల్లి అమ్మవారి జాతరలో తొలేళ్ల రోజు విజయనగరం ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. ఇంటి నిండా చుట్టాలు, తెల్లారితే సిరిమాను ఉత్సవం. గంటస్తంభం నుంచి కోట దాకా ఆటో కూడా కదలదు. సరిగ్గా ఆ రోజు ఉదయం పదకొండు గంటలకు మా సహకార వినియోగదారుల స్టోర్ సర్వసభ్య సమావేశం పెట్టారు. నోటీసు గోడౌన్ తలుపుకి అంటించారట. పది రోజుల తర్వాత కందిపప్పు కోసం వెళ్లినప్పుడు చూశాను. "అయిపోయింది కదా టీచరమ్మా, అన్నీ ఆమోదించేశారు" అన్నాడు కౌంటర్లో అబ్బాయి.

స్టోర్ పేరు రాయను. రాస్తే ఇది ఆ ఒక్క కొట్టు గొడవగా మిగిలిపోతుంది. శ్రీకాకుళంలో ఉన్న మా చెల్లెలు తన సొసైటీ గురించి చెప్పే కథా ఇంచుమించు ఇదే.

ముందు నా తప్పు ఒప్పుకోవాలి. 1994 నుంచి సభ్యురాలిని. వంద రూపాయల షేరు కట్టిన రసీదు ఇప్పటికీ బీరువాలో ఉంది. ఇన్నేళ్లలో సమావేశాలకు వెళ్లింది రెండే సార్లు, అందులో ఒకసారి స్టీలు గిన్నె ఇస్తున్నారని. "మనకేటిలే" అనుకునే నాలాంటివాళ్లు వందల్లో ఉన్నారు కాబట్టే తొలేళ్ల నాడు సభ పెట్టే ధైర్యం వాళ్లకొచ్చింది.

1844లో ఇంగ్లాండులోని రోచ్‌డేల్‌లో 28 మంది, నేతపనివాళ్లూ ఇతర చేతివృత్తులవాళ్లూ, సొంతంగా కొట్టు తెరిచారు. వెన్న, పంచదార, పిండి, కొవ్వొత్తులు లాంటి నాలుగైదు సరుకులే అమ్మారు. వాళ్లు పెట్టుకున్న నియమాలే అన్ని దేశాలకూ పాకాయి. షేరు ఎంతున్నా మనిషికి ఒకటే ఓటు. మిగులులో ఎవరెంత కొన్నారో ఆ లెక్కన వాటా. మూడు నెలలకోసారి సభ్యుల ముందు జమాఖర్చులు. మన జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లోనే, 1904లో, మద్రాసు నగరంలోని ట్రిప్లికేన్‌లో అలాంటి స్టోర్ మొదలైంది. అంటే ఇది మనకు కొత్త విద్యేం కాదు.

మా దగ్గర మూడు నెలల లెక్క మాట దేవుడెరుగు, ఏడాది లెక్కే కనబడదు. అడిగితే "ఆడిట్‌కి వెళ్లింది" అంటారు. సమావేశానికి వెళ్లి ఉంటే నేను అడగాలనుకున్నవి పెద్ద విషయాలేం కావు. స్టోర్ ముందు భాగం సెల్‌ఫోన్ల షాపుకి ఇచ్చారు. అద్దె ఎంత, ఎన్నేళ్లకి, టెండరు పిలిచారా? తరుగు కింద ఏటా ఎంత రాసేస్తున్నారు? అరువు బాకీలు ఎవరెవరివి, అందులో పాలకవర్గం వాళ్లవి ఉన్నాయా? బయట కిరాణా కొట్లో కన్నా మన దగ్గర పప్పు ధర ఎందుకెక్కువ? చివరిదానికి నిజంగానే సరైన జవాబు ఉండొచ్చు. టోకున కొనే పెద్ద మార్టులతో చిన్న స్టోర్ పోటీపడలేదు. ఆ మాటే సభలో చెబితే వింటాం కదా.

కోరం సంగతి మరీ విడ్డూరం. మా బైలా ప్రకారం కోరం, అంటే సభకు కావాల్సిన కనీస హాజరు, లేకపోతే అరగంట వాయిదా వేసి, వచ్చినవాళ్లతోనే సభ నడిపేయొచ్చు. పండగ పూట పెడితే ఎవరూ రారు, అరగంట ఆగితే చాలు, పనైపోతుంది. సభ్యుల జాబితాలో మా వీధిలో ఎప్పుడో కాలం చేసిన ఇద్దరి పేర్లు ఇంకా ఉన్నాయి. ఎన్నికంటే ఏకగ్రీవమే.

సహకార సంఘాలపై ప్రజాస్వామిక అదుపు ఉండేలా ప్రభుత్వం చూడాలని 97వ సవరణతో రాజ్యాంగంలో 43-బి అధికరణం చేర్చుకున్నాం. మరోపక్క, మన రాష్ట్రంలో ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాలకు 2013లో ఎన్నికలు జరిగాయి. ఆ పాలకవర్గాల గడువు తీరాక ఓటు పెట్టె బదులు ప్రభుత్వం నియమించిన పర్సన్ ఇన్‌చార్జిలు, త్రిసభ్య కమిటీలు వచ్చాయి. రైతుల దగ్గరే అంత తేలిగ్గా పోయిన ఓటు పప్పులు కొనుక్కునేవాళ్ల దగ్గర నిలుస్తుందా? అంతా మునిగాక సహకార చట్టం 51వ సెక్షన్ కింద ఎంక్వైరీ వేస్తారు. అప్పటికి ఆ షెల్ఫుల్లో సరుకుండదు.

జిల్లా సహకార శాఖ వారు ఒక్క పని చేయిస్తే చాలు. బిల్లు కొట్టేటప్పుడు ప్రతి సభ్యుడి ఫోన్ నంబరూ కంప్యూటర్లో పడుతోంది. పండగ ఆఫర్ల మెసేజ్‌లు దానికే వస్తున్నాయి. సమావేశం నోటీసు, ఒక పేజీలో తెలుగులో జమాఖర్చుల పట్టిక రెండు వారాల ముందు అదే నంబరుకి పంపాలి. సభ ఆదివారం సాయంత్రం పెట్టాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, పెద్ద ఖర్చూ లేదు.

తొలేళ్ల నాటి మినిట్స్ పుస్తకం చూపించమని కాగితం మీద రాసిచ్చి, రెండో ప్రతి మీద స్టోర్ ముద్ర వేయించుకున్నాను. మూడు వారాలైంది. సెక్రటరీ గారు క్యాంపులో ఉన్నారని చెబుతున్నారు. వచ్చే సోమవారం మళ్లీ వెళ్తున్నాను. ఈసారి మా వీధి సభ్యులు మరో నలుగురు వస్తామన్నారు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
విజయనగరం